బ్యాండ్ విడిచి పోయినవాడి వాటా

2023 మే నెలలో నకిరేకల్ దగ్గర ఒక ఊళ్లో పెళ్లికి వెళ్లాను. ఒకప్పుడు మా బ్యాండులో ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు) వాయించిన, మేము తమ్ముడని పిలుచుకునే కుర్రాడి చెల్లెలి పెళ్లి అది. వాడు షార్జా నుంచి పదిహేను రోజుల సెలవు మీద వచ్చాడు. రాత్రి బరాత్‌లో డీజే అబ్బాయి మా పాట వేశాడు. ఆ పాటలో మొదటి ఎనిమిది సెకన్లు దరువు ఒక్కటే వినిపిస్తుంది. గొంతు ఉండదు, కీబోర్డ్ ఉండదు. ఆ దరువు మొదలవగానే పిల్లలంతా బాక్సుల ముందుకు ఉరికారు. తమ్ముడి వాళ్ల అమ్మ నా పక్కకొచ్చి నిలబడింది.

"ఏం బిడ్డా, ఇది మావోడు కొట్టిందే గదా? దీనికి పైసలస్తయంట గదా, వానికేమన్న ఇస్తున్రా?"

ఆమె అడిగిన తీరులో నిష్ఠూరమేమీ లేదు. బియ్యం ధర ఎంతుందని అడిగినట్టే అడిగింది. నాకు మాత్రం నోట మాట రాలేదు. ఎందుకంటే మేము ఇవ్వడం లేదు. మూడేళ్లుగా ఆ పాటకు యూట్యూబ్ నుంచి డబ్బులు వస్తున్నాయి, ముగ్గురం పంచుకుంటున్నాం. నాలుగోవాడు మాకు గుర్తుకే రాలేదు. వాడు కూడా ఏనాడూ అడగలేదు.

ఆ రాత్రి నల్లగొండకు బండి మీద తిరిగి వస్తుంటే దారి పొడవునా అదే ఆలోచన. అప్పటి నుంచి ఈ విషయం మీద చాలా చదివాను, మా వాళ్లతో చాలా వాదించాను. బ్యాండ్ విడిచి పోయినవాడికి, తను ఉన్నప్పుడు పుట్టిన పాటలో వాటా ఉండాలి. ఆ పాట సంపాదించినన్నాళ్లూ ఉండాలి. ఉన్నవాళ్ల వాటా ఎంతో వాడిదీ అంతే ఉండాలి. ఎందుకో చెబుతాను.

మేము నలుగురం. నేను కీబోర్డ్, ఒకడు గిటార్, ఒక తమ్ముడు ప్యాడ్స్. పాట రాసి పాడేది అన్న, మాకంటే నాలుగేళ్లు పెద్దవాడు. ఎన్‌జీ కాలేజీలో చదివే రోజుల్లో కలిశాం. వినాయకుడి మండపాల దగ్గర, పెళ్లిళ్లలో, చెరువుగట్టు జాతర రోజుల్లో ప్రోగ్రాములు చేసేవాళ్లం. జనం మమ్మల్ని ఆర్కెస్ట్రా అనేవాళ్లు. మాలో మేము మాత్రం రాక్ బ్యాండ్ అనుకునేవాళ్లం. నాటు పాటలకు, బతుకమ్మ పాటలకు గిటార్ కట్టి వాయించడం మా పని. 2016లో తలా మూడు వేలు వేసుకుని, పన్నెండు వేలతో హైదరాబాద్ వెళ్లి ఒక చిన్న స్టూడియోలో ఒక పాట రికార్డ్ చేశాం. గంటల లెక్కన అద్దె. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెడితే సాయంత్రం ఏడింటికల్లా ఖాళీ చేయాలి.

ఆ రోజు ప్యాడ్స్ సరిగ్గా కుదరలేదు. ఏ టోన్ పెట్టినా పెళ్లి బ్యాండులాగే వినిపిస్తోంది. అన్నకు చిరాకు వచ్చింది, గడియారం తిరుగుతోంది. అప్పుడు తమ్ముడు లేచి, మూలన ఉన్న మంచినీళ్ల క్యాన్ తెచ్చాడు. ఇరవై లీటర్ల ఖాళీ క్యాన్. దాన్ని పక్కకు పడుకోబెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. కుడి అరచేతి మడమతో దాని కడుపు మీద ఒక దెబ్బ, ఎడమ చేతి గోళ్లతో మెడ దగ్గర మూడు చిన్న దెబ్బలు, ఆ తర్వాత ఒక ఖాళీ. ఆ ఖాళీలోనే ఉంది అందం అంతా. నాటు వేసేటప్పుడు ఆడవాళ్లు వంగి మొక్క గుచ్చి, చెయ్యి బురదలోంచి తీసేటప్పుడు పాట ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, సరిగ్గా ఆ ఆగడం అది. స్టూడియో అతను మైకు క్యాన్ మూతి దగ్గర పెట్టాడు. ఒకే టేక్. తర్వాత అన్న తన పల్లవిలో రెండు మాటలు తీసేసి, ఆ ఖాళీకి సరిపోయేలా మార్చుకున్నాడు. మార్చుకున్న ఆ పల్లవినే ఇవాళ జనం పాడుకుంటున్నారు.

2018లో తమ్ముడు షార్జా పోయాడు. ఇంటి మీద అప్పులు, పెళ్లికి ఎదిగిన చెల్లెలు. మేము ఆ పాటను అన్న పేరు మీద ఉన్న యూట్యూబ్ ఛానెల్లో ఎప్పుడో పెట్టాం. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, నాలుగు వేల గంటల వాచ్ టైమ్ ఉంటేగానీ డబ్బులు రావు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2020 లాక్‌డౌన్‌లో అది లేచింది. అప్పటి నుంచి 2023 మే వరకు లెక్క వేస్తే మొత్తం 1,62,000 రూపాయలు వచ్చాయి. ముగ్గురికీ తలా 54,000. నలుగురికి పంచి ఉంటే తలా 40,500 వచ్చేది. అంటే మేము ఒక్కొక్కరం వాడివి 13,500 తిన్నాం. ఈ లెక్క నేను ఆ రాత్రే కాగితం మీద వేసుకున్నాను.

పాట అని ఒక్క మాటలో అంటాం గానీ, డబ్బు దగ్గరికి వచ్చేసరికి అది మూడు ముక్కలు. మొదటిది రచన, అంటే సాహిత్యం, బాణీ. రెండోది రికార్డింగ్. మూడోది పాడినవాళ్ల, వాయించినవాళ్ల ప్రదర్శన. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012లో దానికి పెద్ద సవరణ జరిగింది. పాట రాసినవాడు, బాణీ కట్టినవాడు హక్కులన్నీ అమ్ముకున్నా రాయల్టీలో, అంటే పాటను వాడుకున్నప్పుడల్లా వచ్చే డబ్బులో, సమాన వాటా పొందే హక్కును మాత్రం వదులుకోలేడని అందులో పెట్టారు. ఆ సవరణ కోసం రాజ్యసభలో జావేద్ అఖ్తర్ గట్టిగా నిలబడ్డారు. పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు కూడా తమ ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ అడిగే హక్కు అప్పుడే చట్టంలో చేరింది. ఈ ముక్కలు వేరువేరని మన జనానికి బాగా తెలిసింది 2023 మార్చిలో. నాటు నాటు పాటకు ఆస్కార్ వస్తే బొమ్మలు అందుకున్నది కీరవాణి, చంద్రబోస్. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు బొమ్మ లేదు. ఆ అవార్డు పాట రాసినవాళ్లది, పాడినవాళ్లది కాదు. అది చూసి మా ఊళ్లో చాలామంది "గదేంది మరి" అన్నారు. నిజంగానే అడగాల్సిన ప్రశ్న అది.

మా పాటకు వద్దాం. రికార్డింగ్ ఎవరిది? దాన్ని తయారు చేయడానికి చొరవ, బాధ్యత తీసుకున్నవాడిది అంటుంది మన చట్టం. తలా మూడు వేలు వేసుకుని, తలా ఒక సంచి మోసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగింది నలుగురం. ఛానెల్ అన్న పేరు మీద ఉన్నంత మాత్రాన పాట అన్నది అయిపోదు. ఛానెల్ అంటే డబ్బు వచ్చే తూము. చెరువు అది కాదు.

ఇలాంటి తగాదా ఇంగ్లాండులో ఒకసారి కోర్టుదాకా పోయింది. ది స్మిత్స్ అని మాంచెస్టర్ బ్యాండ్. 1982లో మొదలై 1987లో విడిపోయింది. నలుగురు సభ్యులు. పాటలు రాసేది మారిసీ, జానీ మార్. రాసినందుకు వచ్చే డబ్బు వాళ్లిద్దరిదే, దాని మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా రికార్డుల మీద, ప్రదర్శనల మీద వచ్చే డబ్బు దగ్గరే. వాళ్లిద్దరూ చెరో 40 శాతం తీసుకుని, బేస్ గిటార్ వాయించే ఆండీ రూర్క్‌కు, డ్రమ్స్ వాయించే మైక్ జాయిస్‌కు చెరో 10 శాతం ఇచ్చేవాళ్లు. కాగితం మీద ఒప్పందమేమీ లేదు. రూర్క్‌కు డబ్బు అవసరం వచ్చి 83,000 పౌండ్లకు రాజీ అయిపోయాడు. జాయిస్ మాత్రం పట్టు వదల్లేదు. 1996లో తీర్పు వచ్చింది. వేరే ఒప్పందం లేనప్పుడు భాగస్వాములు అందరికీ సమాన వాటా అని 1890 నాటి వాళ్ల భాగస్వామ్య చట్టం చెబుతుంది. దాని ప్రకారం జాయిస్‌కు 25 శాతం. బాకీ మొత్తం దాదాపు పది లక్షల పౌండ్లు తేలింది.

ఇది చదివాక నేను మన చట్టం వెతికాను. మన భాగస్వామ్య చట్టం 1932 నాటిది. 13వ సెక్షన్‌లో అదే మాట ఉంది: వేరే ఒప్పందం లేకపోతే లాభాల్లో అందరికీ సమాన వాటా. 37వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంది. ఒక భాగస్వామి వెళ్లిపోయాక, లెక్క తేల్చకుండా మిగిలినవాళ్లు ఉమ్మడి ఆస్తితో వ్యాపారం నడిపితే, అతని వాటా ఆస్తి వల్ల వచ్చిన లాభం అతనికి ఇవ్వాలి, లేదా అతను కోరుకుంటే ఏడాదికి 6 శాతం వడ్డీ కట్టాలి. మేము తమ్ముడితో ఏ లెక్కా తేల్చుకోలేదు. బస్టాండులో వీడ్కోలు చెప్పాం, అంతే. చట్టం కోసమే ఇవ్వాలని నేను అనడం లేదు. కానీ సంగీతం ముక్క తెలియని చట్టం కూడా పోయినవాడిని మరిచిపోలేదు. పక్కన కూర్చుని వాయించిన మేము మరిచిపోయాం. అది నన్ను బాగా కుదిపింది.

అన్నతో ఈ మాట ఎత్తితే మొదట ఒప్పుకోలేదు. ఆయన మాట కూడా తీసిపారేయదగ్గది కాదు. "వాడు పోయిండు. ఉన్నోళ్లం మనం. ఛానెల్ నేను చూస్కుంటున్న, కామెంట్లకు జవాబు నేనిస్తున్న, ఎవడన్న పాట ఎత్తుకపోతే కొట్లాడేది నేను. పోయినోనికి ఎన్నేండ్లు ఇద్దాం?" అన్నాడు.

దానికి నా జవాబు మా తాత బావి.

మా తాతలు ముగ్గురు అన్నదమ్ములు. ముగ్గురూ కలిసి ఒక బావి తవ్వారు. మా వైపు నేల తెలుసు కదా, ఆరు గజాలు దిగేసరికి బండ. తూటాలు పెట్టి పగలగొట్టుకుంటూ పోయారు. మా తాతకు ఒక కంటి పక్కన రాయి తగిలిన మచ్చ చివరిదాకా ఉండేది. నీళ్లు పడ్డ రెండేళ్లకు చిన్నతాత బొంబాయి పోయాడు, మళ్లీ వ్యవసాయం చేయలేదు. పొత్తుల బావి, మూడు వంతులు. చిన్నతాత వంతు నీళ్లు మిగిలిన ఇద్దరూ వాడుకున్నారు, ఆయన భూమి కౌలుకు చేసి కౌలు పంపారు. మోటారు కాలితే బాగు చేయించిన ఖర్చు వాడుకున్నవాళ్లదే. ఏ ఏటి పంట ఆ ఏడు దున్నినవాళ్లది. అందులో చిన్నతాత వేలు పెట్టలేదు. కానీ రోడ్డు వెడల్పులో ఆ బావి పోయినప్పుడు నష్టపరిహారం వస్తే, మూడో వాటా చిన్నతాత కొడుకుల పేరు మీద వేశారు. ఊళ్లో ఒక్కరు కూడా అదేంటని అడగలేదు. పోయినోడు కదా అని ఎవరూ అనలేదు. బండ పగిలినప్పుడు ఆయన అక్కడున్నాడు, సమ్మెట పట్టుకున్నాడు. అంతే.

పాట ఆ బావి లాంటిది. ప్రోగ్రాం ఆ ఏటి పంట లాంటిది. స్టేజీ మీద ఎవరు వాయిస్తే ఆ డబ్బు వాళ్లదే. తమ్ముడు షార్జాలో ఉండగా మేము మిర్యాలగూడలో, దేవరకొండలో, కల్వకుర్తిలో తెల్లవార్లూ వాయించిన డబ్బులో అతనికి పైసా రానక్కర్లేదు. తర్వాత మేము చేసిన పాటల్లోనూ రానక్కర్లేదు. ఛానెల్ నడిపినందుకు అన్నకు మోటారు ఖర్చులాగా పైన కొంత తీసి ఇవ్వడం న్యాయమే. వందలో పది అనుకుందాం. మిగిలిన తొంభై మాత్రం నాలుగు భాగాలు.

గిటార్ వాయించే మావాడు ఇంకో ప్రశ్న వేశాడు. "క్యాన్ మీద కొట్టిండు సరే, గది పాట రాసినట్లా?" అని. ఇది కష్టమైన ప్రశ్న. ఇంగ్లాండ్ కోర్టులు దీనికి రెండు వైపులా జవాబు చెప్పాయి. స్పాండౌ బ్యాలే అనే బ్యాండులో పాటలన్నీ గ్యారీ కెంప్ రాసేవాడు. కొన్నేళ్లు రాసినందుకు వచ్చే డబ్బులో కొంత మిగతావాళ్లకూ ఇచ్చి, తర్వాత ఆపేశాడు. మిగతా ముగ్గురు కేసు వేశారు. పాటలు తయారైంది మేమంతా వాయించడం వల్లే కదా, శాక్సోఫోన్ బిట్ నాది కదా అని వాదించారు. 1999లో ఓడిపోయారు. కెంప్ పాట ముందే పూర్తి చేసి తెచ్చాడు, మీరు చేసింది వాయించడమే తప్ప రాయడం కాదు అన్నాడు జడ్జి.

మాథ్యూ ఫిషర్ కథ వేరు. 1967లో ప్రోకల్ హేరమ్ అనే బ్యాండ్ మొదటి పాటే ప్రపంచమంతా మోగింది. పాట మొదట్లో వచ్చే ఆర్గన్ బిట్ ఫిషర్ కట్టింది. పేర్లు మాత్రం వేరే ఇద్దరివి పడ్డాయి. రెండేళ్లకు ఫిషర్ బ్యాండ్ విడిచి పోయాడు. 2005లో, 38 ఏళ్ల తర్వాత, కేసు వేశాడు. ఇన్నేళ్లు నిద్రపోయావా అన్నారు అవతలివాళ్లు. 2009లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం ఫిషర్ వైపే తేల్చింది. ఆలస్యం జరిగితే హక్కు పోదు అంది. బాణీలో 40 శాతం వాటా నిలబడింది. పాత బాకీ మాత్రం రాలేదు, కేసు వేసిన నాటి నుంచి వచ్చేదే అతనిది.

రెండింట్లో మాది ఏది? ఆ ఎనిమిది సెకన్లు తీసేసి పాట వినిపిస్తే మా వీధిలో పిల్లలు గుర్తుపట్టరు. నేను నిజంగానే అలా వినిపించి చూశాను. పైగా అన్న తన పల్లవినే ఆ దరువుకు తగ్గట్టు మార్చుకున్నాడు. పూర్తయిన పాట మీద వాయించడం కాదు కదా అది. పాట అక్కడే, ఆ గదిలో, ఆ క్యాన్ మీద సగం తయారైంది. కాబట్టి ఫిషర్ లెక్కే మాకు వర్తిస్తుందని నా నమ్మకం. స్పాండౌ బ్యాలే తీర్పు విషయంలో నాకు ఇప్పటికీ అసంతృప్తి ఉంది. వాయించేవాడి చేతిలో పుట్టేదాన్ని కొలిచే గజంబద్ద చట్టం దగ్గర లేదని, అది పుట్టనే లేదని అనకూడదు కదా.

పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లాండ్ బ్యాండ్ 1973 ఆల్బంలో ఒక పాటంతా మాటల్లేకుండా గొంతుతో నడుస్తుంది. పాడిన క్లేర్ టోరీకి ఆ రోజు ఇచ్చింది 30 పౌండ్లు. ఏ మాటా లేకుండా ఆ గొంతు ఎటు పోవాలో ఆమే కనిపెట్టుకుంటూ పాడింది. మూడు దశాబ్దాల తర్వాత ఆమె కేసు వేస్తే 2005లో రాజీ కుదిరింది. అప్పటి నుంచి ఆ పాట కింద రచయితల్లో ఆమె పేరు కూడా వేస్తున్నారు. నాకు ఇది చదివినప్పుడు డబ్బు కంటే పేరు దగ్గరే మనసు ఆగిపోయింది. అదే బ్యాండులో సిడ్ బారెట్ కథ కూడా ఉంది. మొదట్లో పాటలు రాసిందీ, ముందు నిలబడిందీ అతనే. మానసికంగా దెబ్బతిని 1968లోనే బయటికి వచ్చేశాడు. 2006లో చనిపోయేవరకు అతని రాయల్టీలు అతనికి అందేలా డేవిడ్ గిల్మర్ చూసుకున్నాడు. బారెట్ స్థానంలో వచ్చినవాడే గిల్మర్.

బీటిల్స్ నుంచి 1962లో తీసేసిన డ్రమ్మర్ పీట్ బెస్ట్‌ది ఇంకో సంగతి. 1995లో పాత రికార్డింగులు కలిపి ఆల్బం వేస్తే, అతను వాయించినవి అందులో ఉన్నాయి కాబట్టి 33 ఏళ్ల తర్వాత అతనికి డబ్బు వచ్చింది. తీసేసినవాడికే వచ్చినప్పుడు, ఇంటి అప్పు తీర్చడానికి పోయిన మా తమ్ముడికి రాకూడదా?

ఎవరి వాటా ఎంతో శాతాలు కొలిచి పంచుదామని కూడా అన్నారు మావాళ్లు. రాసినందుకు ఇంత, బాణీకి ఇంత, దరువుకు ఇంత అని. నేను వద్దన్నాను. క్వీన్ బ్యాండులో పాట ఎవరు రాస్తే వాళ్ల పేరే వేసేవాళ్లు. 1975లో ఫ్రెడ్డీ మెర్క్యురీ రాసిన పాట పెద్ద హిట్టయింది. ఆ రికార్డు రెండో వైపు డ్రమ్మర్ రోజర్ టేలర్ పాట ఉంది. రికార్డు ఒకటి అమ్ముడుపోతే రెండు వైపులకూ ఒకే డబ్బు. ఎవరి పాట ఎక్కితే వాడికి డబ్బు, దాని మీద గొడవలు. చివరికి 1989 ఆల్బంకు వచ్చేసరికి అన్ని పాటలకూ నలుగురి పేరూ కలిపి క్వీన్ అనే వేశారు. ఆర్‌.ఈ.ఎం. అనే అమెరికా బ్యాండ్ మొదటి నుంచీ నలుగురి పేర్లే వేసింది. డ్రమ్మర్ బిల్ బెర్రీ 1997లో వెళ్లిపోయాడు, పాత పాటల కింద అతని పేరు అలాగే ఉంది. యూ2 అనే ఐర్లాండ్ బ్యాండ్ వాళ్లదీ సమాన పంపకమే. మనకు ఇది కొత్తేమీ కాదు. పండక్కి పదిమంది డబ్బులు వేసుకుని యాటను కోస్తే ఎలా పంచుతాం? మోదుగాకుల మీద సమానంగా పోగులు పెడతాం. కోసినవాడికి ఎక్కువ, పట్టుకున్నవాడికి తక్కువ అని ఉండదు. ఆ సమయానికి ఊళ్లో లేకపోతే వాడి పోగు ఇంటికి పంపిస్తాం.

నా 13,500 పెళ్లయిన వారానికే తమ్ముడికి ఇచ్చాను. తీసుకోనన్నాడు. "ఎందుకన్నా, నేనేం జేసిన" అన్నాడు. చెల్లెలి పెళ్లి ఖర్చని బలవంతంగా చేతిలో పెట్టాను. గిటార్ వాయించేవాడు రెండు నెలల తర్వాత ఫోన్‌పేలో పంపాడు. అన్న ఇంకా ఇవ్వలేదు.

అన్న దగ్గర ఇంకో మాట కూడా తేలాల్సి ఉంది. ఆ బాణీ అసలు ఎక్కడిది? తమ్ముడే చెప్పాడు, ఆ దరువులో ఉన్న ఖాళీ వాళ్లమ్మ నాటులో పాడే పాటది అని. అన్న పల్లవి వరుస కూడా ఆమె పాడే వరుసకు దగ్గరగానే ఉంటుంది. మేము మాత్రం యూట్యూబులో పాట కింద బాణీ దగ్గర అన్న పేరు ఒక్కటే వేశాం. పాత జానపదం ఎవరి సొత్తూ కాదు కదా అనొచ్చు. కానీ అది మా చెవిన పడింది ఎవరి నోటి నుంచో మాకు తెలుసు. తెలిసి కూడా రాయకపోవడం తప్పే.

పోయిన నెల తమ్ముడు ఫోన్ చేసినప్పుడు, డబ్బు సంగతి వద్దుగానీ అక్కడ అమ్మ పేరు పెడితే చాలన్నాడు. ఆ మాట అన్నకు చెప్పాను. అన్న ఏమీ అనలేదు. మర్నాడు చూస్తే పాట కింద మార్పు కనబడింది. బాణీ సేకరణ అని ఆమె పేరు, ఊరి పేరుతో సహా. దరువు అని తమ్ముడి పేరు. వంద రూపాయల బాండ్ పేపర్ మీద వాటాలు రాసుకుందామంటే కూడా ఇప్పుడు సరే అంటున్నాడు. పాత బాకీ మాత్రం ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం గడియారం సెంటర్ దగ్గర మళ్లీ కూర్చుంటున్నాం, తమ్ముడు వీడియో కాల్‌లో ఉంటాడు.